మొదటి ఎనిమిది మ్యాచ్‌ల లెక్క

పటాన్‌చెరు, పాశమైలారం షెడ్లలో మెషిన్ సెట్టింగ్ మార్చిన రోజు లాట్ మొత్తం ఒకేసారి నడపరు. ముందు ఒక్క పీసు తీస్తారు. క్వాలిటీ మనిషి వచ్చి, డ్రాయింగు పక్కన పెట్టుకుని, మైక్రోమీటర్‌తో ఒక్కో కొలతా చూస్తాడు. అతను ఓకే అంటేనే మిగతా పీసుల పని మొదలవుతుంది. పీసు నిగనిగలాడుతోందా లేదా అన్నది అతనికి పట్టదు, బోరు లోపలి కొలత కావాలి. ఫుట్‌బాల్ సీజన్‌లో మొదటి ఏడెనిమిది మ్యాచ్‌లనూ అలాగే చూడాలని నా అభిప్రాయం. పాయింట్ల పట్టిక పైమెరుగు. నిరుడు తప్పిన కొలత ఏది, ఈ ఏడు అది ఎంతవరకు సరిపడింది, ఇంకా ఎక్కడ తప్పుతోంది అన్నది పట్టికలో కనపడదు.

ఇలా దగ్గరగా చూడదగ్గ పని మన దగ్గర ఒకటి జరిగింది. అది హైదరాబాద్ ఎఫ్‌సీ 2020–21 సీజన్ ఆరంభం, స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతి పని. ఆ మరుసటి సీజన్లో జట్టు ఛాంపియన్ అయింది కాబట్టి అందరూ 2022 ఫైనల్‌నే తలుచుకుంటారు. పనితనం చూడాలంటే మాత్రం కప్పు ఊసే లేని రోజులకు, ఆ మొదటి ఎనిమిది మ్యాచ్‌లకు వెళ్లాలి.

క్లబ్ గురించి రెండు మాటలు. పుణె సిటీ క్లబ్ మూతపడ్డాక ఇండియన్ సూపర్ లీగ్‌లో దాని స్థానంలోకి 2019లో హైదరాబాద్ వచ్చింది. అప్పట్లో సొంత మైదానం గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. సంగారెడ్డి నుంచైనా ఇస్నాపూర్ నుంచైనా హైవే మీద వచ్చి ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కితే చాలు, సాయంత్రం మ్యాచ్‌కు అందుకోగలిగేవాళ్లం. పైగా మన పారిశ్రామిక వాడలో బెంగాల్, అస్సాం, ఒడిశా నుంచి వచ్చి పనిచేసేవాళ్లున్నారు. క్రికెట్ తప్ప మరో మాట వినపడని చోట ఫుట్‌బాల్ ఊసెత్తేది ఎక్కువగా వాళ్లే. అలాగని మనకు ఈ ఆట కొత్తదేం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1963లో రహీం పోయారు. ఆ తరం తర్వాత మన ఊరి పేరు దేశపు పెద్ద పోటీల్లో వినిపించడం తగ్గుతూ వచ్చింది. కొత్త క్లబ్ మీద ఆశ పెట్టుకోవడానికి అదొక కారణం.

ఆ ఆశకు మొదటి రోజే దెబ్బ తగిలింది. 2019 అక్టోబర్ 25న కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0–5. నాలుగు రోజులకు జంషెడ్‌పూర్‌లో 1–3. నవంబర్ 2న గచ్చిబౌలిలో తొలి మ్యాచ్. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టినా, స్టాంకోవిచ్ పెనాల్టీ, మార్సెలిన్హో ఫ్రీకిక్ కలిసి 2–1తో గెలిపించాయి. ఇక బండి గాడిన పడిందనుకున్నారు. పడలేదు. నార్త్‌ఈస్ట్‌తో 0–1, చెన్నైయిన్‌తో 1–2, బెంగళూరుతో 1–1, గోవాతో 0–1, ఒడిశాతో 2–3. ఎనిమిది మ్యాచ్‌లకు నాలుగు పాయింట్లు. కొట్టిన గోల్స్ 7, ఇచ్చినవి 17.

అప్పటి కోచ్ ఫిల్ బ్రౌన్ తక్కువవాడేమీ కాదు, ఇంగ్లండ్‌లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు ఎక్కించినవాడు. ఇక్కడ ఆయనకు గాయాలూ సస్పెన్షన్లూ ఎదురైన మాట నిజమే. అయినా చెన్నైయిన్ మ్యాచ్ ఒక్కటి చూస్తే జట్టు లోపం తెలిసిపోతుంది. అదనపు సమయంలో గోల్ తిన్నారు, ఆ వెంటనే సమం చేశారు, మళ్లీ ఇంకో గోల్ తిన్నారు. మూడు గోల్సూ తొంభయ్యో నిమిషం దాటాకే. సమం చేసిన సంబరం ఇంకా చల్లారకముందే వెనక తలుపు తెరిచి పెట్టేశారు. 2020 జనవరిలో బ్రౌన్‌ను తప్పించారు. సీజన్ ముగిసేసరికి 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, 39 గోల్స్ ఇచ్చి చిట్టచివరి స్థానం.

ఆ సీజన్ ఆఖరి మ్యాచ్‌ను మాత్రం తీసిపారేయకూడదు. 2020 ఫిబ్రవరి 20న గువాహటిలో నార్త్‌ఈస్ట్ మీద 5–1. ఏడాది మొత్తంలో అది రెండో గెలుపు. గోవా నుంచి జనవరిలో వచ్చిన లిస్టన్ కొలాసో అందులో రెండు గోల్స్ కొట్టాడు. అప్పటికే జట్టు లోపల సరుకు మారడం మొదలైంది. సరిగ్గా కూర్చే చేయి ఒకటి తక్కువైంది.

ఆ చేయి కూడా అనుకున్నది రాలేదు. కొత్త సీజన్‌కు ఒప్పందం చేసుకున్న ఆల్బర్ట్ రోకాను ఆగస్టులో బార్సిలోనా తన సిబ్బందిలోకి తీసుకుంది. ఆ నెలాఖరుకు హడావిడిగా మార్కెజ్‌ను తెచ్చారు. స్పెయిన్‌లో లాస్ పాల్మాస్‌కు కొద్దికాలం కోచ్‌గా ఉన్నాడు, ఎస్పాన్యోల్ రెండో జట్టులో కుర్రాళ్లతో పనిచేశాడు. మన అభిమానుల్లో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. సీజన్ మొదలవడానికి మూడు నెలలు కూడా లేవు. కరోనా వల్ల లీగ్ అంతా గోవాలో, బయోబబుల్‌లో, ఖాళీ స్టేడియాల్లో. సొంత మైదానం, సొంత జనం అన్న లెక్క ఆ ఏడాది ఎవరికీ లేదు. రెండు సీజన్లను పోల్చేటప్పుడు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆ ఎనిమిది మ్యాచ్‌లు. 2020 నవంబర్ 23న బాంబోలిమ్‌లో ఒడిశాపై 1–0, కెప్టెన్ అరిడానే సంటానా పెనాల్టీతో. బెంగళూరుతో 0–0. జంషెడ్‌పూర్‌తో 1–1. ఏటీకే మోహన్ బగాన్‌తో 1–1. ఈస్ట్ బెంగాల్‌పై 3–2. ఆ పైన వరుసగా మూడు ఓటములు: ముంబై సిటీతో 0–2, కేరళతో 0–2, గోవాతో 1–2. మొత్తం తొమ్మిది పాయింట్లు. నిరుటి నాలుగుతో పోలిస్తే రెట్టింపు పైన. ఇక్కడే ఆగిపోతే పైమెరుగు చూసినట్టే.

ముందు గోల్స్ చూడండి. నిరుడు మొదటి ఎనిమిదిలో ఏడు కొట్టారు. ఈసారీ ఏడే! ముందు వరుస పదును ఇసుమంత కూడా పెరగలేదు. ఇచ్చిన గోల్స్ మాత్రం 17 నుంచి 10కి దిగాయి.

ఇంకాస్త లోపలికి వెళ్దాం. మొదటి ఎనిమిది ప్రత్యర్థుల్లో ఆరుగురు రెండు ఏళ్లకూ ఉమ్మడే: కోల్‌కతా జట్టు, జంషెడ్‌పూర్, కేరళ, బెంగళూరు, గోవా, ఒడిశా. ఆ ఆరింటి మీదే లెక్క కడితే నిరుడు నాలుగు పాయింట్లు, ఈ ఏడు ఆరు. అంటే పెరిగినవి రెండే. కొట్టిన గోల్స్ ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి కూడా. ఇచ్చినవి పద్నాలుగు నుంచి ఆరుకు పడిపోయాయి. పైగా ఆ ఆరింటిలో కోల్‌కతా జట్టు పాతది కాదు. 2020లో మోహన్ బగాన్‌తో కలిసి మరింత బలపడిన జట్టు. దాని చేతిలో నిరుడు ఐదు తిన్నవాళ్లు ఈసారి ఒకటి తిని ఒకటి కొట్టి వచ్చారు. కప్పు గెలిచిన ఏడాది అంకెలన్నిటికన్నా నాకు ఈ పద్నాలుగు–ఆరు లెక్కే గొప్పగా కనిపిస్తుంది. మార్కెజ్ ముందు చేతపట్టింది దాడిని కాదు. కారుతున్న చోటు వెతికాడు.

ఎలా ఆపాడు? వెనక నిలిచే నలుగురిని చూడాలి. ఎడమ వైపు ఆకాశ్ మిశ్రా, ఉత్తరప్రదేశ్ కుర్రాడు. ఆ నవంబర్‌లోనే పంతొమ్మిదేళ్లు నిండాయి. ఇండియన్ యారోస్ నుంచి నేరుగా వచ్చాడు, సూపర్ లీగ్‌లో అదే మొదటి ఏడు. కుడి వైపు సిక్కింకు చెందిన ఆశిష్ రాయ్, ఇరవై ఒకటి. మధ్యలో మణిపూర్‌కు చెందిన చింగ్లెన్‌సానా సింగ్, పక్కన స్పెయిన్ ఆటగాడు ఒడై ఒనైండియా. డబ్బున్న క్లబ్బులు విదేశీ స్ట్రైకర్ల వెంట పడుతున్న రోజుల్లో ఇద్దరు పసివాళ్లను చెరో అంచున నిలబెట్టి సీజన్ మొదలుపెట్టడం మామూలు ధైర్యం కాదు.

ఫుల్‌బ్యాక్ పని అందరికీ కనపడే పని కాదు. ముందుకు పరిగెత్తి క్రాస్ వేస్తే చప్పట్లు వస్తాయి. ఎప్పుడు పరిగెత్తకూడదో తెలిసినందుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆ మ్యాచ్‌లు మళ్లీ పెట్టుకుని బంతిని వదిలేసి వీళ్లిద్దరినే చూడండి. ఆకాశ్ ఎడమ అంచున పైకి పోయాడంటే ఆశిష్ తన వైపు లోపలికి జరిగి సెంటర్‌బ్యాక్‌ల పక్కన చేరతాడు. ఆశిష్ పోతే ఆకాశ్ ఆగుతాడు. ఇద్దరూ ఒకేసారి పోయిన సందర్భాల్లో బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జోవావ్ విక్టర్ మెల్లగా వెనక్కి దిగి ఇద్దరు సెంటర్‌బ్యాక్‌ల ముందు అడ్డుకట్టగా నిలుస్తాడు. ఎవరూ చేయి ఊపి పిలవాల్సిన పనుండదు. బంతి పోయిన క్షణంలో దగ్గరున్న ఇద్దరు ముగ్గురు దాని మీద పడతారు, మిగతావాళ్లు గీత గీసినట్టు వెనక సర్దుకుంటారు. నిరుడు బంతి పోగానే తలోదిక్కూ చూస్తూ నిలబడిపోయిన జట్టేనా ఇది అనిపిస్తుంది.

ఇంకో సంగతి: గోల్‌కీపర్ నుంచి బంతిని గాల్లోకి కొట్టి పారేయడం బాగా తగ్గింది. కిందనుంచే చిన్న చిన్న పాస్‌లతో పైకి తెచ్చారు. ఇది అందం కోసం అనుకునేవాళ్లున్నారు. నా లెక్కలో అది రక్షణ పనే. బంతి మన కాళ్ల దగ్గరున్నంతసేపూ అవతలివాడు గోల్ కొట్టలేడు కదా. హితేష్ శర్మ లాంటి నెమ్మదస్తుడు ఈ పద్ధతిలోనే వెలుగులోకి వచ్చాడు. ఏటీకే నుంచి వచ్చినప్పుడు అతని గురించి పెద్దగా మాట్లాడుకున్నవాళ్లు లేరు.

ఆ ఎనిమిదిలో కంటికి ఇంపైనది డిసెంబర్ 15న ఈస్ట్ బెంగాల్‌తో ఆడిన మ్యాచ్. అవతలి జట్టు ఆటగాడు మాఘోమా గోల్‌తో సగం ఆట దాకా వెనకబడి ఉన్నారు. రెండో సగంలో యాభై ఆరో నిమిషంలో అరిడానే ఒకటి కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ మధ్యలో బంతి పెట్టి మొదలుపెట్టిందో లేదో, అదే నిమిషంలో ఇంకోటి. కాసేపటికి లిస్టన్ ఎడమ వైపు నుంచి దూసుకెళ్లి అందించిన బంతితో హాలీచరణ్ నర్జారీ మూడోది. నర్జారీది అస్సాంలోని కొక్రాఝార్ ప్రాంతం. ఆ రాత్రి మన వాడలోని అస్సాం గదుల్లో సందడి ఉండే ఉంటుంది. చివర్లో మాఘోమా మరొకటి కొట్టి భయపెట్టినా గెలుపు నిలిచింది. ఇక్కడ మెచ్చుకోవాల్సింది మొదటి రెండు గోల్స్ మధ్య వేగాన్ని. సమం చేశాక వెనక్కి తగ్గి ఊపిరి పీల్చుకునే అలవాటు ఏడాది కిందట ఈ జట్టుకుండేది. చెన్నైయిన్ దగ్గర చెల్లించిన మూల్యం అదే. ఈసారి ఆ క్షణాన్ని అవతలివాళ్ల మీదకు తిప్పారు.

మెచ్చుకోలు ఇక్కడితో ఆపి తప్పిన కొలత కూడా చెప్పాలి. ఆ పది గోల్స్‌లో నాలుగు ఆట ఆఖరి నిమిషాల్లో తిన్నవే. జంషెడ్‌పూర్ తరఫున ఎజె 85వ నిమిషంలో సమం చేశాడు. కేరళ రెండో గోల్ 88లో. డిసెంబర్ 30న గోవాతో అయితే మరీ ఘోరం. అరిడానే గోల్‌తో ముందున్నారు. 87లో ఇషాన్ పండిత సమం చేశాడు, అదనపు సమయంలో అంగులో గెలిపించుకుపోయాడు. జంషెడ్‌పూర్ దగ్గర రెండు, గోవా దగ్గర మూడు, మొత్తం ఐదు పాయింట్లు చివరి నిమిషాల్లో జారిపోయాయి. అవి నిలిచి ఉంటే తొమ్మిది కాదు, పద్నాలుగు. గాయాలతో విదేశీ ఆటగాళ్లు తగ్గిపోయి, కుర్రాళ్ల కాళ్లు బరువెక్కే వేళకు బెంచీ మీద బలం చాలకపోవడం ఒక కారణం. అనుభవం లేకపోవడం ఇంకొకటి.

మూడు వరుస ఓటములంటే మన దగ్గర ఏం జరుగుతుందో తెలిసిందే. జట్టును తలకిందులు చేస్తారు, లేదా కోచ్‌ను మారుస్తారు. మార్కెజ్ ఆ పని చేయలేదు, క్లబ్బూ అతన్ని కదపలేదు. ఎనిమిదో మ్యాచ్ ఓడిన ఐదు రోజులకు, 2021 జనవరి 4న, అదే పద్ధతిలో చెన్నైయిన్‌ను 4–1తో ఓడించారు. నర్జారీ రెండు కొట్టాడు. తర్వాత నార్త్‌ఈస్ట్‌పై 4–2. అక్కణ్నుంచి సీజన్ ముగిసేదాకా ఓటమే లేదు: వరుసగా పన్నెండు మ్యాచ్‌లు.

ఆఖరి నిమిషాల కథ కూడా తిరగబడింది. జనవరి 28న బెంగళూరుతో 0–2 వెనకబడి, 86లో అరిడానే, 90లో స్ట్రైకర్ సాండాసా కొట్టి 2–2 చేశారు. ఫిబ్రవరిలో ఈస్ట్ బెంగాల్ మీద అదనపు సమయంలో అరిడానే మళ్లీ సమం చేశాడు. ఏ నిమిషాల్లో పోగొట్టుకున్నారో ఆ నిమిషాల్లోనే రాబట్టుకున్నారు.

అయితే ఒకటి. ఆ పన్నెండులో డ్రాలు మరీ ఎక్కువ. సీజన్ మొత్తం మీద ఇరవైలో పదకొండు డ్రాలు. కారుడు ఆగింది గానీ పదును రాలేదు. మొదటి ఎనిమిదిలో కనపడిన ఏడు గోల్స్ లోటు చివరిదాకా వెంటాడింది. గోవాతో ఆఖరి మ్యాచ్ గెలిస్తే సెమీఫైనల్స్‌కు వెళ్లేవాళ్లు, 0–0తో ముగించారు. 29 పాయింట్లు, ఐదో స్థానం. నాలుగో స్థానంలో నిలిచిన గోవాకు 31. పన్నెండు మ్యాచ్‌ల అజేయ పరుగును ఆకాశానికెత్తినవాళ్లు ఈ మాట చెప్పడం మరిచిపోతుంటారు. అరిడానే పది గోల్స్ కొట్టాడు నిజమే, తోడుగా నిలకడగా కొట్టే ఇంకొకడు లేడు.

ఆ ఇంకొకడు మరుసటి ఏడాది వచ్చాడు. నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఓగ్‌బెచె. అదే ఏడాది లీగ్ నియమమూ మారింది. మైదానంలో ఐదుగురు విదేశీయులకు బదులు నలుగురే ఉండాలన్నారు. మిగతా క్లబ్బులు ఆ ఖాళీలో ఏ భారతీయ ఆటగాణ్ని నిలపాలా అని వెతుక్కుంటుంటే, హైదరాబాద్‌కు ఆ చింత లేకపోయింది. ఆకాశ్, ఆశిష్, చింగ్లెన్‌సానా, హితేష్, మిడ్‌ఫీల్డర్ యాసిర్ అప్పటికే ఒక సీజన్ రాటుదేలి ఉన్నారు. 2021–22లో మొదటి ఎనిమిది మ్యాచ్‌లు: 15 పాయింట్లు, కొట్టినవి 18, ఇచ్చినవి 7. నార్త్‌ఈస్ట్ మీద 5–1, ఒడిశా మీద 6–1 అందులోవే. ఆ మరుసటి ఏడు, 2022–23లో, మొదటి ఎనిమిదికి 16 పాయింట్లు, ఇచ్చినవి ఐదే. మధ్యలో వరుసగా నాలుగు మ్యాచ్‌లు 1–0తో గెలిచారు. నాలుగు ఆరంభాల్లో ఇచ్చిన గోల్స్ వరసగా రాస్తే 17, 10, 7, 5.

2022 మార్చి 20న ఫతోర్డాలో జరిగిన ఫైనల్లో కేరళ ముందంజలో ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3–1తో కప్పు వచ్చింది. ఆ కప్పు గెలిచిన జట్టు రెండు సీజన్లుగా గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2022 అక్టోబర్‌లో తిరిగొచ్చి బెంగళూరును 1–0తో ఓడించినప్పుడే మనవాళ్లు వాళ్లను కళ్లారా చూశారు. ఇంకో లోటు నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. రహీం పుట్టిన ఊరి పేరు మోసిన ఆ పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు.

తర్వాత కథ వేగంగా చెడింది. 2023లో మార్కెజ్ గోవాకు వెళ్లాడు, మరుసటి ఏడాది భారత జట్టు కోచ్ కూడా అయ్యాడు. లిస్టన్, ఆశిష్ అంతకుముందే మోహన్ బగాన్‌కు వెళ్లిపోయారు; ఆ తర్వాత ఆకాశ్ ముంబైకి, చింగ్లెన్‌సానా బెంగళూరుకు చేరారు. జీతాల గొడవలతో, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా పడిన నిషేధంతో 2023–24లో హైదరాబాద్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో మళ్లీ అట్టడుగుకు వెళ్లింది. 2025లో ఫ్రాంచైజీయే ఢిల్లీకి తరలిపోయింది.

ఆ నాలుగు ఆరంభాల్లో ఒకటి ఎంచుకోమంటే మాత్రం నేను తొమ్మిది పాయింట్లదే ఎంచుకుంటాను. పదిహేను, పదహారు వచ్చిన ఏళ్లలో ముందు ఓగ్‌బెచె ఉన్నాడు. 2020లో మార్కెజ్ చేతిలో ఉన్నది చివరి స్థానం నుంచి వచ్చిన జట్టు, మూడు నెలలకు తక్కువ గడువు, అంచుల్లో ఇద్దరు కుర్రాళ్లు. వాటితోనే పద్నాలుగును ఆరు చేశాడు.